జనవరి ఆఫర్ చూసి ట్రైనర్‌ని పెట్టుకోకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో జిమ్‌ల మీద వేసిన పేజీ చదివాను. ఏ వ్యాయామానికి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయి, పొద్దున్నే ఏం తాగాలి, అన్నీ రాశారు, బాగానే ఉంది. కానీ దాని కిందే ఒక ప్రకటన ఉంది, ఏడాదికి కడితే పర్సనల్ ట్రైనర్ ఫీజులో తగ్గింపు, ఈ నెలాఖరు వరకే అని. అది చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే సరిగ్గా ఇలాంటి ప్రకటన పట్టుకునే 2024 జనవరిలో నేను 17,700 రూపాయలు వదిలించుకున్నాను. ఎవరో మోసం చేశారని కాదు. నేనే కట్టకూడని టైములో కట్టాను. ట్రైనర్‌ని ఎలా ఎంచుకోవాలి, ఎంతివ్వాలి అని అందరూ చెప్తారు గానీ అసలు ఎప్పుడు పెట్టుకోవాలన్నది ఎవరూ చెప్పరు, జిమ్ వాళ్లు ఎలాగూ చెప్పరు. కాబట్టి నా అనుభవంలో తెలిసింది నేను చెప్తాను.

మాది గుంటూరు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. అప్పటికి నాకు 51 ఏళ్లు, బరువు 74 కిలోలు, బీపీకి రోజూ ఒక మాత్ర, షుగర్ బోర్డర్లో ఉంది జాగ్రత్త అని డాక్టరు గారు వెళ్లినప్పుడల్లా భయపెట్టేవారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయేమో, ‘నీ అంతట నువ్వయితే నాలుగు రోజులకే మానేస్తావమ్మా, ట్రైనర్‌కి డబ్బు కట్టావంటే ఆ భయానికైనా వెళ్తావు’ అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. అక్కడే ఇద్దరం పప్పులో కాలేశాం.

ప్యాకేజీ 15,000, దాని మీద అప్పటికి 18 శాతం జీఎస్టీ 2,700. మొత్తం 36 సెషన్లు, 90 రోజుల్లో పూర్తి చేసుకోవాలి. సంక్రాంతికి ముందు ఒక వారం వెళ్లాను, పండక్కి ఊరెళ్లి వచ్చాక మళ్లీ కొన్నాళ్లు వెళ్లాను, ఈలోగా పదో తరగతి పిల్లలకి పొద్దున స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి, అంతే. మొత్తం 11 రోజులు. మిగిలిన సెషన్లు వేసవి సెలవుల్లో వాడుకుంటానంటే ‘కుదరదు ఆంటీ, సిస్టమ్ తీసుకోదు’ అన్నారు. లెక్కల టీచర్ని కదా, ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. 492 రూపాయలు పడాల్సిన సెషన్ నాకు 1,609 రూపాయలు పడింది.

ఆ మొదటి రోజు గురించి కొంచెం చెప్పాలి. ట్రైనర్ 22, 23 ఏళ్ల కుర్రాడు, మర్యాదస్తుడే. బరువు చూశాడు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీశాడు, మూడు నెలల తర్వాత పక్కన పెట్టి చూపిస్తాడట. ఏం మందులు వాడుతున్నారు అని అడగలేదు. నేనూ చెప్పలేదు, చెప్పాలని తెలిస్తే కదా. వార్మప్ అయ్యాక స్క్వాట్లు, అంటే మన గుంజీలే అనుకోండి, పదిహేను చొప్పున నాలుగు సార్లు తీయించాడు, తర్వాత ఒక్కో కాలు ముందుకేసి వంగే లంజెస్, ఆ తర్వాత మెట్లెక్కినట్టు తొక్కే స్టెప్పర్. నేను చేస్తుంటే లెక్క పెడుతూనే మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ రోజు ఏమీ అనిపించలేదు, పైగా ఉత్సాహంగా కూడా ఉంది. మూడో రోజు పొద్దున లేచేసరికి తొడలు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. మా స్కూల్లో ఎనిమిదో తరగతి మేడ మీద. ఎక్కడం ఎలాగో ఎక్కాను గానీ దిగేటప్పుడు రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని పీతలాగా పక్కకి దిగుతుంటే పిల్లలు నోరు మూసుకుని నవ్వుకున్నారు. (కొత్తగా వ్యాయామం మొదలుపెడితే ఒకటి నుంచి మూడు రోజుల దాకా ఇలా ఒళ్లు నొప్పులు మామూలేనట. కానీ ఆ నొప్పులతో పాటు మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం బాగా దెబ్బతిని అందులోంచి వచ్చే పదార్థం కిడ్నీల మీద పడుతుంది. మొదటి రోజే అతిగా చేయిస్తే ఇలా జరిగే ప్రమాదం ఉంది.)

ఆ అబ్బాయిని తిట్టాలని నాకు లేదు. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, ‘ఈ నెల ఇంకో రెండు పీటీలు చేయాలి ఆంటీ, మీ స్కూల్లో మేడమ్‌లు ఎవరైనా ఉంటే చెప్పండి’ అన్నాడు. పీటీ అంటే పర్సనల్ ట్రైనింగ్. జీతం తక్కువ, వచ్చేదంతా ఆ కమీషన్లోనేనట. నెలాఖరు టార్గెట్ నెత్తి మీద పెట్టుకున్న పిల్లాడు ‘ఆంటీ, మీకు ఇప్పుడే ట్రైనర్ అక్కర్లేదు, మూడు నెలలు నడిచి రండి’ అని ఎలా చెప్తాడు?

నిజానికి నాకు కావాల్సిన మాట అదే. ఆ జనవరిలో అతన్ని అడగడానికి నా దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేదు. పొద్దున నన్ను నిద్ర లేపి బయటికి లాగే మనిషి కావాలి, అంతే. ఆ పనికి 17,700 పెట్టి అలారం కొనుక్కున్నట్టయింది.

తర్వాత జూన్‌లో బడి తెరిచే ముందు నుంచి నడక మొదలుపెట్టాను. ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున అయిదున్నరకి. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వేగంతో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. ఓ మాదిరి అంటే ఎంత అని చేతికి వాచీ కట్టుకుని గుండె వేగం అంకెలు చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారక్కడ. నాలాంటి బీపీ వాళ్లకి అది అన్నిసార్లూ పనికిరాదు, కొన్ని రకాల మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాచీ చూసుకుని ఇంకా సరిపోలేదనుకుంటే కొంప మునుగుతుంది. పక్కనున్న వాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు, ఆ వేగం సరిపోతుంది. మా వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది, నడిచిన రోజు దాని మీదే టిక్కు పెట్టేదాన్ని. పన్నెండు వారాల్లో 60 రోజులకి గాను 47 టిక్కులు వచ్చాయి. పరీక్షలో 78 శాతం అనుకోండి, ఫస్ట్ క్లాసే. వర్షాలున్నా, పెళ్లిళ్లున్నా అన్ని రోజులు వెళ్లగలిగానంటే ఇక ట్రైనర్‌కి కట్టే డబ్బు గంగలో పోదన్న నమ్మకం అప్పుడొచ్చింది. అంతకుముందు అది లేదు, నా మీద నాకే లేదు.

అయినా వెంటనే వెళ్లలేదు. వెళ్లేలా చేసింది మా అమ్మ.

ఆ నవంబర్‌లో అమ్మ బాత్‌రూంలో జారి కూర్చుండిపోయింది. అమ్మకి 77. దెబ్బేమీ తగల్లేదు, ఎముకా విరగలేదు, కానీ లేవలేకపోయింది. ఇంట్లో ఎవరం లేము. పనమ్మాయి వచ్చేదాకా దాదాపు ముప్పావుగంట ఆ తడి నేల మీదే కూర్చుని ఉంది. పనమ్మాయి ఒక్కతే లేపలేక నాకు ఫోన్ చేస్తే, నేను స్కూటీ మీద పరుగున వచ్చి చంకల కింద చేతులేసి ఎత్తేసరికి నా నడుం కలుక్కుమంది. వారం రోజులు బెల్టు పెట్టుకుని బోర్డు మీద రాశాను. ఎముకల డాక్టరు గారు అమ్మని చూసి, ఎముకలు సరే, తొడల్లో కండ లేదు, అందుకే లేవలేకపోయిందన్నారు. మనకి ముప్పై దాటిన దగ్గర్నుంచే కండ కరగడం మొదలవుతుందట, పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా. ఆ రాత్రి హాల్లో చాప మీద కూర్చుని, చేయి ఆనించకుండా లేవడానికి నేను ప్రయత్నించి చూశాను. లేవలేకపోయాను. అన్ని నెలలు నడిచాను, మూడు కిలోలు తగ్గాను, షుగర్ కూడా కాస్త దిగింది, అయినా నేల మీద నుంచి లేవలేను. నడకతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని, అరవై అయిదు దాటిన వాళ్లయితే మూడు రోజులు తూలి పడకుండా నిలబడే వ్యాయామాలు కూడా చేయాలని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఆ రెండో సగం మనం ఎవరం చదవం.

అదుగో, అప్పుడు నా దగ్గర ప్రశ్న ఉంది. వంగి బరువెత్తితే నా నడుం ఎందుకు పట్టేస్తోంది? యూట్యూబ్‌లో చూసి చేద్దామని రెండు బకెట్లతో ప్రయత్నించాను. వీడియోలో అమ్మాయి వీపు నాకు కనపడుతుంది గానీ నా వీపు ఆవిడకి కనపడదు కదా. ట్రైనర్ కావాల్సింది ఇక్కడ. నడవడానికి అక్కర్లేదు, సైకిల్ తొక్కడానికి అక్కర్లేదు, బరువు ఎత్తబోయే రోజు మాత్రం పక్కన చూసే కళ్లుండాలి.

ఈసారి వెళ్లింది పెద్ద జిమ్‌కి కాదు. ఒక షట్టర్ రూము, బరువులెత్తే ఇనప కడ్డీలు నాలుగు, వాటికి తగిలించే ప్లేట్లు కొన్ని, గోడ మీద కరణం మల్లీశ్వరి ఫొటో. నడిపే అమ్మాయి కాలేజీ రోజుల్లో వెయిట్‌లిఫ్టింగ్ చేసిందట. నేను వెళ్లిన రోజు ఏమీ చేయించలేదు. ఏడు ప్రశ్నల కాగితం ఒకటి చేతికిచ్చింది. గుండె జబ్బుందని డాక్టరు ఎప్పుడైనా అన్నారా, పని చేసేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడిపోయారా, కీళ్ల బాధలున్నాయా, బీపీకి మందులు వాడుతున్నారా, ఇలా. ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టర్ని కలిసి రావాలి. నేను బీపీ దగ్గర అవునని టిక్కు పెట్టాను. ‘డాక్టర్ గారితో ఒక మాట రాయించుకు రండి టీచర్, అప్పటిదాకా డబ్బులు కూడా తీసుకోను’ అని పంపించేసింది. చేతికొచ్చే డబ్బు వెనక్కి పంపే ట్రైనర్ని చూడటం నాకదే మొదటిసారి.

నాలుగు రోజుల తర్వాత కాగితం పట్టుకుని వెళ్తే మూలనున్న చీపురు కర్ర తీసుకొచ్చింది. ఊడవమంటుందేమో అనుకున్నా. దాన్ని నా వీపు మీద నిలువుగా పెట్టి, ఒక చేత్తో మెడ దగ్గర, ఇంకో చేత్తో నడుం దగ్గర నన్నే పట్టుకోమంది. కర్ర మూడు చోట్ల ఆనాలి, తల వెనక, రెండు భుజాల మధ్య, వెన్ను చివర. ఆ మూడూ వదలకుండా ముందుకి వంగాలి, అంతే పని. వినడానికి ఎంత తేలికో. వంగిన ప్రతిసారీ కింది చివర టక్కున లేచిపోతోంది, ఎందుకంటే యాభై ఏళ్లుగా నేను వంగేది నడుం దగ్గర, తుంటి దగ్గర కాదు. ‘టీచర్, రెండు చేతుల్లో కూరగాయల సంచులున్నాయనుకోండి, వెనకున్న తలుపు ఎలా మూస్తారు?’ అంది. వెనక్కి నెడతాం కదా, అలా నెట్టాను. కర్ర కదల్లేదు. తొడల వెనక నరం లాగినట్టయింది, నడుం మీద ఏమీ పడలేదు. రెండు వారాల పాటు ఆ చీపురు కర్రే. తర్వాత 4 కిలోలు, 8, 12, అలా. నేను వంగుతుంటే తను పక్కకి వచ్చి నేల మీద గొంతుక్కూర్చుని నా నడుం వంకే చూస్తుండేది. ఫోన్ ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు. సరిచేయడానికి ముట్టుకోవాల్సి వస్తే ముందు అడిగేది. ఆడవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో మగవాళ్లకి చెప్పినా అర్థం కాదు, మా స్టాఫ్‌రూములో సగం మంది జిమ్ మొహం చూడకపోవడానికి కారణం ఇదే.

ముందే చెప్పింది, పన్నెండు సెషన్లు చాలు, ఆ తర్వాత మీ అంతట మీరు చేసుకోండి, నెలకోసారి వచ్చి చూపించుకోండి అని. సెషన్‌కి 600 చొప్పున 7,200 అయింది. రేటు చూస్తే మొదటి దానికంటే ఎక్కువే, ఖర్చు చూస్తే సగం కూడా కాదు. ఇప్పుడు ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను నేనే స్టాండు మీదకి ఎత్తుతున్నాను. మా ఆయన మొదటిసారి చూసి, పడేస్తావ్ పడేస్తావ్ అని వెనకే తిరిగారు.

ముందు అలవాటు, ఆ తర్వాతే ట్రైనర్ అన్న నా మాట మా స్కూల్లో తెలుగు మాస్టారు ఒప్పుకోరు. ఆయన మొదటి రోజే ట్రైనర్‌ని పెట్టుకుని రెండేళ్లుగా మానకుండా వెళ్తున్నారు. ఎవరైనా ఎదురుచూస్తున్నారంటే తప్ప కదలని మనుషులు ఉంటారు, ఆయన ఆ రకం, కాదనను. అలాంటి వాళ్లు కూడా నెలనెలా కట్టుకోండి, మూడు నెలలకీ ఏడాదికీ ఒకేసారి కట్టకండి అని మాత్రం చెప్తాను. ఆయన కూడా మొదటి ఆరు నెలలు నెలకే కట్టారట, నేను గుచ్చి గుచ్చి అడిగితే ఒప్పుకున్నారు.

ఇంకొంతమంది అసలు ట్రైనర్ దగ్గరికి కాదు, వేరే చోటికి వెళ్లాలి. మోకాలి ఆపరేషన్ అయిన వాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, భుజం పైకి లేవని వాళ్లు ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి. ఈ రెండు పనులూ ఒకటే అనుకుంటాం గానీ కాదు. ఫిజియోథెరపిస్టులు 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం కిందికి వస్తారు, జిమ్ ట్రైనర్లు రారు. ఏ కోర్సు చేశావు బాబూ అని అడగడం మన హక్కు, సిగ్గుపడక్కర్లేదు. ఇన్సులిన్ తీసుకునే వాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు వ్యాయామం చేస్తుండగానే షుగర్ పడిపోవచ్చు కాబట్టి ఆ సంగతి ట్రైనర్‌కి ముందే తెలియాలి, జేబులో గ్లూకోజ్ పొట్లమో కాస్త పంచదారో ఉండాలి. ఇక ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు. వాళ్లకి ట్రైనర్ త్వరగా దొరికితే మంచిదే, కుదురైన వాడు దొరికితే. మొదటి నెలలోనే డబ్బా పొడి అమ్మజూపే వాడైతే ఆ రోజే దండం పెట్టి వచ్చేయాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. నాకూ ఆ మొదటి జిమ్‌లో ఒక డబ్బా అంటగట్టబోయారు. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్ వస్తుందని పిల్లలకి చెప్పేదాన్ని నేను, నాకెందుకు ఆ డబ్బా?

మీకో విన్నపం. జిమ్ ప్రకటనలు వేసుకోండి, పేపర్ నడవాలి కదా, కానీ వాటి పక్కన ఆ ఏడు ప్రశ్నలైనా తెలుగులో వేయండి, కత్తిరించి పర్సులో పెట్టుకుంటాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. నేను కట్టిన అదే 15,000 ప్యాకేజీ ఇప్పుడు 15,750 అవ్వాలి, 1,950 తగ్గాలి. మా ఊళ్లో తగ్గించిన వాళ్లూ ఉన్నారు, మూల ధరే పెంచేసిన వాళ్లూ ఉన్నారు, కాస్త మీ విలేకరుల్ని పంపి కనుక్కోండి. ఇంకొకటి, పార్కుల్లో ఓపెన్ జిమ్‌లని పసుపు, నీలం రంగుల్లో ఇనప సామాను పెట్టారు, వాటి మీద పెద్దవాళ్లు ఉయ్యాల ఊగినట్టు ఊగి వెళ్తున్నారు. ఎలా వాడాలో చెప్పే మనిషి లేడు. పొద్దున రెండు గంటలు ఒక మనిషిని కూర్చోబెడితే మా అమ్మ లాంటి వాళ్లకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం ఎలాగో నేర్పొచ్చు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన మల్లీశ్వరికి మొదట బరువెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారు, చిన్న ఊళ్లో, ఏసీ లేని షెడ్లో. ఆ అమ్మాయే 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మా అమ్మకి 240 అక్కర్లేదు, తన బరువు తను ఎత్తుకుంటే చాలు.

అమ్మ ఇప్పుడు రోజూ పది సార్లు కుర్చీలోంచి లేచి కూర్చుంటోంది, లెక్క మాత్రం నేనే పెట్టాలి, తను పెట్టుకుంటే ఏడు దగ్గరే పది అయిపోతుంది. నేను ఈ శనివారం ట్రైనర్ దగ్గరికి వెళ్లాలి. వంగేటప్పుడు ఎడమ మోకాలు లోపలికి వాలుతోందని పోయిన నెల చెప్పింది, అద్దంలో చూసుకుంటే నాకేమీ తెలియడం లేదు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
గుంటూరు